ఎవరి కుట్లు ఎవరు లెక్కపెట్టాలి?

స్వెట్టర్లు అల్లే పుస్తకం మీద రాస్తున్నానంటే మా ఫ్రెండొకడు నవ్వాడు. "హైదరాబాదులో ఏడాదికి పది రోజులు కూడా వెయ్యం కదరా" అన్నాడు. నిజమే. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ రాసిన 'నిట్టింగ్ వితౌట్ టియర్స్' 1971లో అమెరికాలో వచ్చింది. అందులో కథ లేదు, కవిత్వం లేదు. ఊలు, సూదులు, కుట్ల లెక్కలు, బోలెడన్ని అభిప్రాయాలు. అయినా ఈ మూడేళ్ళలో నేను మళ్ళీ మళ్ళీ తీసి చదివిన పుస్తకాలేవని అడిగితే, మొదటి మూడింట్లో ఇదుంటుంది. ఎందుకో చెప్పాలంటే ముందు నేను రాసిన ఒక రివ్యూ సంగతి చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక మొదటి కవితా సంపుటి మీద రాశాను. కవయిత్రి సొంత డబ్బుతో మూడువందల కాపీలు వేసుకున్న పుస్తకం. ఏ ఉపమానం ఎవరి దగ్గర్నించి వచ్చిందో, ఏ ముగింపు ఏ కవి అలవాటో, ఆఫీసులో బగ్ లిస్టు రాసినట్టు వరసగా రాసుకుంటూ పోయాను. అందులో తప్పేమీ లేదు, ప్రతి పోలికకీ రుజువుంది. చాలామంది మెచ్చుకున్నారు, "భలే పట్టేశారు" అన్నారు. రెండేళ్ళ తర్వాత బుక్ ఎగ్జిబిషన్లో ఆమె ఎదురుపడ్డారు. "మీరు రాసింది కరెక్టేనండీ" అని, వెంటనే పార్కింగ్ ఎటువైపో అడిగారు. ఇప్పుడు రాయట్లేదట. నా రివ్యూ వల్లే మానేశారు అనుకునేంత గొప్పవాణ్ణి కాను. కానీ ఆ "కరెక్టే" అన్నమాట చాలాకాలం లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఆ మరుసటి ఏడు ప్రాజెక్టు పనిమీద ఒక చలికాలం విస్కాన్సిన్‌లో ఉన్నాను. శనివారాలు రూములో ఉండలేక లైబ్రరీకి పోయేవాణ్ణి. అక్కడ కిటికీ పక్కన పది పన్నెండుమంది, ఎక్కువమంది పెద్దవాళ్ళు, కూచుని అల్లుకునేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు చిన్న రాట్నాలు కూడా తెచ్చుకుని ఊలు వడికేవాళ్ళు. టేబుల్ మీద ఒక కాగితం ఉండేది, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం. మీరు అల్లింది చూపించేటప్పుడు డిజైను ఎవరిదో, ఊలు ఏదో చెప్పండి. డబ్బిచ్చి కొన్న ప్యాటర్న్‌ని జిరాక్స్ తీసి పంచకండి. సాయం అడిగేటప్పుడు అప్పటిదాకా ఏమేం చేసి చూశారో చెప్పండి. అడగనిదే ఎవరి అల్లికలోనూ తప్పు చూపించకండి.

మొదటి మూడూ నాకు వెంటనే నచ్చాయి. ఓపెన్ సోర్స్‌లో పనిచేసిన ఎవరికైనా నచ్చుతాయి. నాలుగోది మాత్రం నవ్వొచ్చింది. తప్పు కనిపిస్తే చెప్పకపోవడం ఏం మర్యాద? నా ఉద్యోగంలో సగం పని పక్కవాడి కోడ్‌లో తప్పు వెతకడమే. దాంతో రెండో వారమే ఆ రూలు తప్పాను. నా పక్కనున్నామె స్వెట్టర్‌లో ఒక జడ నాలుగంగుళాల కింద అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. చెప్పాను. ఆమె థ్యాంక్స్ చెప్పి, నవ్వి, అల్లిక సంచిలో పెట్టేసుకుంది. ఆ పూటకి మళ్ళీ తీయలేదు. మళ్ళీ అదే నవ్వు, బుక్ ఎగ్జిబిషన్లో చూసిందే. వెళ్ళేటప్పుడు ఇంకొకామె షెల్ఫులోంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. "మా రాష్ట్రం ఆవిడే, చదువు" అంది.

జిమ్మర్‌మన్ పుట్టింది 1910లో, ఇంగ్లండులో. జర్మన్ భర్తతో 1937లో అమెరికా వచ్చి, చివరికి విస్కాన్సిన్‌లో ఒక పాత బడి కట్టడంలో కాపురం పెట్టింది. 1950ల్లో ఒక పత్రికకి స్వెట్టర్ డిజైను పంపితే, అతుకుల్లేకుండా గుండ్రంగా అల్లమని ఆమె రాసిన సూచనల్ని వాళ్ళు ముక్కలుముక్కలుగా అల్లి కుట్టుకునేలా మార్చి అచ్చేశారు. అచ్చులో తన వాక్యాలు మారిపోవడం మనలో చాలామందికి అనుభవమే. మనం మహా అయితే ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టి ఊరుకుంటాం. ఈవిడ 1958లో సొంతంగా న్యూస్‌లెటర్ మొదలుపెట్టింది, తన సూచనలు తన మాటల్లోనే వెళ్ళాలని. ఆ మరుసటేడు సొంత ప్రచురణ సంస్థ. 1999లో చనిపోయేదాకా ఆమె పేరు చెబితే అల్లేవాళ్ళు లేచి నిలబడేంత పని చేసింది.

ఇక పుస్తకం. మామూలు ప్యాటర్న్ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు: ఇన్ని కుట్లు వెయ్యండి, ఇన్ని వరసలు సీదా, ఇన్ని ఉల్టా, ఇక్కడ రెండు తగ్గించండి. ఆజ్ఞలే తప్ప కారణాలుండవు. జిమ్మర్‌మన్ దీన్ని తలకిందులు చేసింది. ఆమె ఇచ్చేది కుట్ల సంఖ్య కాదు, శాతాలు. మీ చేతికి అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో ముందు కొలుచుకోండి. దాన్ని ఛాతీ కొలతతో హెచ్చవేయండి. అంగుళానికి 5 కుట్లు, ఛాతీ 40 అంగుళాలు అయితే 200. అదే మీ మూల సంఖ్య. మణికట్టు దగ్గర చేతికి అందులో 20 శాతం, అంటే 40 కుట్లు. చంక కింద 8 శాతం, 16. మెడకి 40 శాతం, 80. ఇంక ఏ ఊలైనా, ఏ సూదైనా, ఏ మనిషైనా సరే, లెక్క మీ చేతిలోనే ఉంది. వేరియబుల్స్ పెట్టాల్సిన చోట నంబర్లు రాసిన కోడ్ చూసి పళ్ళు నూరే జాతి నాది. ఈ పేజీలు చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది.

1974లో వచ్చిన 'నిట్టర్స్ అల్మనాక్' ఇంకా బాగుంటుంది, నెలకో అధ్యాయం చొప్పున. జులైలో ఒక గుండ్రటి శాలువా ఉంది. మధ్యలో తొమ్మిది కుట్లతో మొదలవుతుంది. వృత్తం వ్యాసార్థం రెట్టింపైతే చుట్టుకొలతా రెట్టింపవుతుంది కదా, కాబట్టి వరసవరసకీ కుట్లు పెంచుకుంటూ లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఒక్కసారి రెట్టింపు చేసి మూడు వరసలు ఊరికే అల్లు, మళ్ళీ రెట్టింపు చేసి ఆరు, తర్వాత పన్నెండు, ఇరవైనాలుగు, నలభైఎనిమిది. తొమ్మిది కుట్లు ఐదొందల డెబ్భైఆరు అయ్యేదాకా పెంచేది ఆరే ఆరుసార్లు. మిగతా సమయమంతా పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ అల్లుకోవచ్చు. తొమ్మిదో క్లాసు లెక్క ఇంత హాయిగా ఒంటిమీదకి రావడం నేనింకెక్కడా చూళ్ళేదు.

ఇన్ని లెక్కలున్నా పాఠంలా ఉండదు ఆమె వచనం. వంటింట్లో నిలబడి మాట్లాడుతున్నట్టుంటుంది. మధ్యలో పక్కదారి పడుతుంది, తనమీద తనే జోకు వేసుకుంటుంది, ఇష్టాయిష్టాలు దాచుకోదు. ఉల్టా కుట్టంటే పడదు, ముక్కలు కలిపి కుట్టడమంటే అసలు పడదు. అల్మనాక్‌లో సుదీర్ఘంగా మాట్లాడాక, ఏమీ ఆలోచించకుండా చెప్పింది చేసుకుపోయేవాళ్ళ కోసం చివర్న పొట్టి సూచనలు కూడా ఇస్తుంది. కొంచెం వెక్కిరిస్తూనే ఇస్తుంది, అయినా ఇస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఊలంటే ఆమెకి గొర్రె ఊలే. మిగతా ప్రపంచంలో బజారులో దొరికే అక్రిలిక్ ఉండలతోనే పిల్లలకి స్వెట్టర్లు అల్లే ఆడవాళ్ళు లక్షల్లో ఉన్నారన్న స్పృహ కనిపించదు. మా అమ్మ జన్మలో గొర్రె ఊలుతో అల్లలేదు. ఇంకోటి, ఎవరూ దగ్గరుండి చూపించకుండా ఈ పుస్తకం ఒక్కటే పట్టుకుని మొదటి కుట్టు నేర్చుకోవడం కష్టం. నేను ప్రయత్నించి చెబుతున్నాను. చివరికి లైబ్రరీ ఆడవాళ్ళే నేర్పారు, నేను అల్లింది ఒక మఫ్లర్, అదీ వంకర.

రెండోసారి చదివినప్పుడుగానీ ఒక విషయం పట్టుకోలేకపోయాను. ఇంత ఖచ్చితంగా మాట్లాడే మనిషి కోపమంతా ఎవరిమీద? ప్యాటర్న్‌లు రాసేవాళ్ళ మీద. అర్థంకాని పొడి అక్షరాలతో రాసేవాళ్ళ మీద, కారణం చెప్పకుండా ఆజ్ఞలిచ్చేవాళ్ళ మీద, తేలికగా అయ్యేదాన్ని కష్టంగా చెప్పేవాళ్ళ మీద. అల్లేవాళ్ళ మీద మాత్రం ఒక్క విసురు కూడా లేదు. ఆమె చిన్నప్పుడు ఇంట్లో ఊలు కుడిచేత్తో పట్టుకునే పద్ధతి, గవర్నెస్ దగ్గర ఎడమచేత్తో పట్టుకునే పద్ధతి నేర్చుకుందట. ఈ రెంటిలో ఏది సరైనదని ఇప్పటికీ జనం కొట్టుకుంటుంటారు. అల్లికలో రైటు పద్ధతి, రాంగు పద్ధతి అంటూ లేవని ఆమె తేల్చేసింది. చేతికి హాయిగా ఉండి, గుడ్డ తయారవుతోంటే చాలు.

అంటే ఆ కాగితం మీది నాలుగో రూలుని ఆమె ఒప్పుకుంటూనే, పుస్తకం పొడుగునా విమర్శ చేస్తూ పోయింది. ఇది వైరుధ్యం కాదు. ప్యాటర్న్ వేరు, స్వెట్టర్ వేరు. ప్యాటర్న్‌లో తప్పుంటే దాన్ని నమ్మి నెలరోజులు కూచుని అల్లిన వెయ్యిమంది చేతులు దండగ. దాన్ని గట్టిగానే చెప్పాలి, పేరు పెట్టి చెప్పాలి. స్వెట్టర్‌లో జడ ఒకచోట ఎదురు తిరిగితే ఎవరికి నష్టం? వేసుకునేవాడికి అదే వెచ్చదనం.

నూలు సంగతి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1924 డిసెంబరులో బెళగావి కాంగ్రెస్‌లో గాంధీ అధ్యక్షతన ఒక రూలు వచ్చింది: సభ్యత్వానికి నాలుగణాల చందా బదులు నెలకి 2000 గజాల నూలు ఇవ్వాలి. తనే వడకలేనివాళ్ళు, ఇష్టంలేనివాళ్ళు ఇంకొకరిచేత వడికించి ఇవ్వొచ్చు. ఆ రూలు నిలబడలేదు, మరుసటేడే సడలించి, నూలు పనికి వేరే అఖిల భారత చరఖా సంఘం పెట్టారు. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం గాంధీ ఆ రోజుల్లో నూలు గురించి రాసిన తీరు. వడికినవాడి త్యాగాన్ని మెచ్చుకుంటాడు, వెనకాలే నూలుని నిలదీస్తాడు. సమంగా ఉందా? పురి సరిపోయిందా? నేతకి పనికొస్తుందా? భక్తితో వడికాం కదా అని ఊరుకోడు. ఊరుకోడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే ఆ నూలు అక్కడితో ఆగిపోయేది కాదు. మగ్గం మీద నేతగాడు ఉన్నాడు. పోగు తెగిన ప్రతిసారీ ఆగి ముడేసుకోవాల్సింది అతనే, ఆ పూట కూలి పోయేది అతనికే. అందుకే తొలిరోజుల్లో చాలాచోట్ల పడుగుకి మిల్లు నూలు వాడి, పేకకి మాత్రమే రాట్నం నూలు వాడారు. లాగితే తట్టుకోవాల్సింది పడుగు కదా. మన పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకి మరీ ఏకులు చేస్తారు. అంత ఓపిక అలంకారానికి కాదు. మొదట్లో మిగిలిన నలుసు చివర్లో ఎవరి పోగు తెంపుతుందో వాళ్ళకి తెలుసు.

కాబట్టి అడగకుండా తప్పెంచొచ్చా అంటే, నా జవాబు: దాని మీద ఇంకొకరి పని ఆధారపడి ఉంటే ఎంచాలి, మొహమాటం లేకుండా.

మరి కవితా సంపుటి ప్యాటర్నా, స్వెట్టరా, నూలా? ఇక్కడే నేను చాన్నాళ్ళు కొట్టుకున్నాను. పెద్ద పేరున్న కవి పుస్తకం నూలే. దాన్ని చూసి ఇంకో వందమంది నేస్తారు. నిఘంటువు, పాఠ్యపుస్తకం, అనువాదం, ఇవన్నీ ప్యాటర్న్‌లు. తప్పుంటే దులిపెయ్యాల్సిందే. మూడువందల కాపీలు వేసుకుని సగం బంధువులకి పంచిన మొదటి పుస్తకం స్వెట్టర్‌కి దగ్గరేమో. కానీ ఆమె రివ్యూకి పంపారు కదా, అంటే అడిగినట్టే కదా అని నా లోపలి లాయరు ఇప్పటికీ వాదిస్తుంటాడు. నిజమే, అడిగారు. మరి ఆ మూడో రూలు? సాయం అడిగేవాళ్ళు ఏం చేసి చూశారో చెప్పాలి, సరే. చెప్పేవాడు అది వినాలి కూడా కదా. కవి తను ఏం చేసి చూసిందో విడిగా కాగితం మీద రాసివ్వదు, పుస్తకంలోనే ఉంటుంది. నా రివ్యూలో దాని గురించి ఒక్క లైను లేదు.

పోయిన నెల ఆ సంపుటి మళ్ళీ తీశాను. చెవులు వినిపించని అమ్మమ్మ మీద అందులో తొమ్మిది కవితలున్నాయి. వాటిలోని ఉపమానాలు అరువువే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆ తొమ్మిదింట్లోనూ ఎవరూ ఒక్క మాట పైకి అనరు. తలుపు గడియ, గిన్నె అంచు, భుజం మీద చెయ్యి, వీటితోనే సంభాషణ అంతా నడుస్తుంది. అప్పట్లో ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివి, పోలికలన్నీ పట్టుకుని, దీన్ని వదిలేశాను. ఆమెకి ఈమధ్యే ఇదంతా మెయిల్ రాశాను. జవాబు రాలేదు, రావాలని లేదు కూడా.

పోలికలు పట్టుకోవడం గురించి జిమ్మర్‌మన్‌కి ఒక సొంత మాట ఉంది. తను ఏదైనా కొత్త పద్ధతి కనుక్కుంటే దాన్ని 'ఇన్వెంట్' చేశాననేది కాదు, 'అన్‌వెంట్' చేశాననేది. ఇన్ని వందల ఏళ్ళుగా ఇన్ని చేతులు అల్లుతుంటే పూర్తిగా కొత్తదంటూ ఏముంటుంది, ఎక్కడో మరుగునపడ్డదాన్ని తవ్వి తీయడమే కదా అని ఆమె ఉద్దేశం. ఇంగ్లీషుకి ఆ మాట కావాల్సొచ్చింది. తెలుగులో రేడియోనీ కనిపెడతాం, దొంగనీ కనిపెడతాం. కొత్తగా చేసినదానికీ, ఉన్నదాన్ని పసిగట్టినదానికీ ఒకటే క్రియ. అయినా మన సాహిత్య చర్చల్లో పోలిక కనిపించగానే దొంగ అనే అర్థమే ముందు గుర్తొస్తుంది.

విస్కాన్సిన్ నుంచి తిరిగొచ్చాక మా అమ్మ అల్లికల నోట్‌బుక్ అడిగి తీసుకున్నాను. మేం కాగజ్‌నగర్ మిల్లు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. అక్కడ చలి బాగా ఉండేది, నాలుగు రాష్ట్రాలవాళ్ళు పక్కపక్క ఇళ్ళల్లో ఉండేవాళ్ళు, మధ్యాహ్నమైతే అరుగుల మీద సూదుల చప్పుడే. నూటయాభై పేజీల నోట్‌బుక్. డిజైన్లకి పేర్లు చూస్తే నవ్వొస్తుంది: "బెంగాలీ ఆంటీ ఆకు". "డాక్టరమ్మ చెల్లె జడ". "జ్యోతి వారపత్రిక గళ్ళు (మెడ తప్పు ఇచ్చిండ్రు, నేను మార్చిన)". ఎవరి దగ్గర్నించి వచ్చిందో చెప్పని డిజైను ఒక్కటి లేదు. పత్రికలో తప్పుంటే అదీ రాసి పెట్టింది. ఆ లైబ్రరీ కాగితం మా అమ్మకి ఎవరూ చూపించలేదు.

ఒక పేజీలో "బస్సులో ఆమె బార్డర్" అని ఉంది. ఏంటమ్మా ఇది అనడిగాను. మంచిర్యాల బస్సులో ముందు సీట్లో ఒకామె శాలువా కప్పుకుని కూచుందట. దాని అంచు డిజైను నచ్చి, వెనక సీట్లోంచి కుట్లు లెక్కపెట్టుకుంటూ టిక్కెట్టు వెనక రాసుకుందట.

"ఆమెకి తెలీకుండానా?"

"ఎట్ల తెల్వదురా, మెడ మీద ఊపిరి తగులుతుంటే. దిగే ముందు చెప్పిన, మీది లెక్కపెట్టుకున్న అక్కా, సరిగ్గ వచ్చిందో లేదో జర చూడు అని."

టిక్కెట్టు ఇంకా ఆ పేజీకి అతికించే ఉంది. మా అమ్మ గుండ్రటి అక్షరాల్లో 7 సీదా, 2 ఉల్టా, 7 సీదా. ఆ రెండో ఏడుని కొట్టేసి, పక్కన వేరే చేతిరాతతో, బస్సు కుదుపుకి వంకరపోయిన 5 ఉంది.